తూము ఎత్తేవీ, గండి కొట్టేవీ

తొలకరి పడ్డ కొత్తలో ఏ ఊరి ఆస్పత్రికి వెళ్ళినా విరేచనాల రోగులు కనిపిస్తారు. అందరూ చెప్పేది దాదాపు ఒకటే మాట: "ఏదో పడలేదండీ, కడుపు చెడింది." అయితే పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరి జబ్బూ ఒకేలా ఉండదు. ఒకరికి పొద్దుటి నుంచి బియ్యం కడిగిన నీళ్ళలా ధారగా పోతోంది. పెద్దగా నొప్పి లేదు, జ్వరం లేదు. సాయంత్రానికి కళ్ళు గుంటలు పడ్డాయి, చర్మం ముడతలు పడింది, నాడి అందడం లేదు. రెండో మనిషికి పోయేది చారెడే. కానీ అందులో నెత్తురు, జిగట. కడుపు మెలిపెడుతోంది, ఒళ్ళు కాలిపోతోంది, వెళ్ళొచ్చిన మరుక్షణమే మళ్ళీ వెళ్ళాలనిపిస్తోంది. ఇద్దరి కడుపులోకీ తిండితోనో నీటితోనో వెళ్ళింది బాక్టీరియాయే. మరి ఒకరికి నీళ్ళు, ఇంకొకరికి నెత్తురు ఎందుకు?

వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే: "నీళ్ళలా పోతోందా, నెత్తురు పడుతోందా?" ఆ ఒక్క ప్రశ్నతో ఆయన, పేగు లోపలి పొర దగ్గర ఏం జరిగిందో సగం తెలుసుకుంటాడు. మిగతా సగం ఈ అధ్యాయంలో చూద్దాం.

ఒకే వరస కణాలు

మన పేగుల లోపలి వైశాల్యం సుమారు 30 చదరపు మీటర్లని 2014లో స్వీడన్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంత విస్తీర్ణంలోనూ మనం తిన్నదానికీ మన నెత్తురుకూ మధ్య అడ్డంగా నిలిచేది ఒకే ఒక వరస కణాలు. ఆ వరస మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. చర్మానికైతే పొర మీద పొర ఉంటుంది, పైపొర చచ్చిన కణాలతో గట్టిపడి ఉంటుంది. పేగుకు అలా కుదరదు. పొర మందమైతే తిన్నది ఒంటికి పట్టదు.

ఈ వరసను చెరువు గట్టు అనుకోండి. చెరువు మన ఒళ్ళు, అందులో ఉన్నది మన నెత్తురూ ఒంటి నీరూ. గట్టుకు అవతల ఆయకట్టు, అంటే పేగు లోపలి ఖాళీ జాగా. గట్టు నీటిని ఆపితేనే సరిపోదు, కావలసినప్పుడు కావలసినంత వదలాలి కూడా. అందుకే గట్టుకు తూము పెడతారు, తూము దగ్గర నీరటి ఉంటాడు. పేగు పొరకూ తూములున్నాయి. తిన్నది అరగడానికి లాలాజలం, జఠరరసం, పైత్యరసం, పేగు రసాలు అన్నీ కలిపి రోజుకు ఏడు లీటర్ల దాకా ఒంటి నుంచి లోపలికి వెళతాయి. మనం తాగే నీళ్ళతో కలిపితే ఎనిమిది తొమ్మిది లీటర్లు. ఊరి చెరువుకూ దీనికీ ఒక్కటే తేడా. ఇక్కడ ఆయకట్టుకు వదిలిన నీరు దాదాపు మొత్తం మళ్ళీ చెరువులోకే ఎక్కుతుంది. చివరికి బయటికి పోయేది ఏ నూరు, రెండు వందల మిల్లీలీటర్లో. ఎక్కే దారికీ దిగే దారికీ మధ్య ఉన్న ఈ పొంతన గుర్తుంచుకోవాలి. తర్వాత జరిగే ప్రతిదీ దాని మీదే ఆధారపడి ఉంది.

గట్టులోని కణాలు ఒకదాన్నొకటి పక్కల వెంబడి గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఆ అతుకులు మామూలుగా ఏ బాక్టీరియానూ దూరనివ్వవు. కణాల పైన జిగట పొర ఉంటుంది. పెద్దపేగులో అది రెండు పొరలుగా ఉంటుంది. మనతో సహవాసం చేసే లక్షల కోట్ల బాక్టీరియా పై పొరలో తిరుగుతాయే గానీ లోపలి పొర దాటి కణాల దాకా రావు. ఇక కణాలు ఎక్కువ కాలం ఉండవు. పొర అడుగున ఉన్న గుంటల్లో కొత్త కణాలు పుడుతూ పైకి జరుగుతూ ఉంటాయి, పాతవి కొసల దగ్గర రాలిపోతుంటాయి. మూడు నుంచి ఐదు రోజుల్లో గట్టంతా కొత్తదైపోతుంది. శరీరంలో ఇంత వేగంగా మారిపోయే కణజాలాలు చాలా తక్కువ.

వీటన్నిటి కన్నా ముందు జఠర ఆమ్లం కాపలా ఉంది. చాలా బాక్టీరియా అక్కడే చచ్చిపోతుంది. అందుకే కలరా రావాలంటే మామూలుగా కోట్ల సంఖ్యలో క్రిములు కడుపులోకి వెళ్ళాలి. ఆమ్లం తగ్గించే మాత్రలు రోజూ వేసుకునేవారిలో ఈ కాపలా సన్నగిల్లుతుంది. కానీ ఆమ్లాన్ని తట్టుకునేవీ ఉన్నాయి. షిగెల్లా అనే బాక్టీరియాకు పది నుంచి వంద క్రిములు చాలు. గోరు కింద మిగిలిపోయిన మురికిలో అంతకన్నా ఎక్కువే ఉండగలవు.

గట్టు చెక్కుచెదరకుండానే

కలరా రోగి ఒంట్లోంచి గంటకు ఒక లీటరు దాకా నీరు పోతుంది. ఇంత నష్టం జరిగిందంటే పేగు పొర ఊడిపోయి ఉండాలని పందొమ్మిదో శతాబ్దపు వైద్యులు అనుకున్నారు. శవపరీక్షల్లో పొర ఊడినట్టే కనిపించేది. నిజానికి అది చనిపోయాక జరిగిన మార్పు. 1960లో యూజీన్ గంగరోసా బృందం థాయిలాండ్‌లో, బతికి ఉన్న కలరా రోగుల పేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించింది. పొర చెక్కుచెదరలేదు. గట్టు గట్టులాగే ఉంది, చెరువు మాత్రం ఖాళీ అవుతోంది.

దానికి ఏడాది ముందే కలకత్తాలో శంభునాథ్ డే అసలు సంగతి బయటపెట్టారు. 1915లో హుగ్లీ జిల్లాలో పుట్టిన ఈ పాథాలజిస్టు 1953లో ఒక తేలికైన పద్ధతి కనిపెట్టారు. కుందేలు పేగులో చిన్న భాగాన్ని రెండు చివరలా దారంతో కట్టి, మధ్యలోకి కలరా క్రిములను ఎక్కించేవారు. మరునాటికి ఆ భాగం నీటితో ఉబ్బిపోయేది. 1959లో ఇంకో అడుగు ముందుకు వేసి, క్రిములు పెరిగిన ద్రవంలోంచి క్రిములన్నిటినీ వడగట్టేసి, ఆ తేటను మాత్రమే ఎక్కించారు. పేగు అలాగే ఉబ్బింది. అంటే నీటిని తోడేస్తున్నది క్రిమి కాదు, అది వదిలిన విషం. ఈ ఫలితం నేచర్ పత్రికలో అచ్చయింది. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ డే పేరును నోబెల్ బహుమతికి ప్రతిపాదించాడు. స్వదేశంలో మాత్రం ఆయన బతికుండగా పెద్ద గౌరవమేదీ దక్కలేదు. మన పాఠ్యపుస్తకాల్లో కలరా పాఠంలో రాబర్ట్ కాఖ్ పేరుంటుంది. డే పేరు కూడా ఉండాలని గట్టిగా అంటాను.

ఆ విషం చేసేదేమిటంటే, పేగు కణం పైనున్న ఒక కొవ్వు అణువును పట్టుకుని లోపలికి దిగుతుంది. లోపల, మన కణానికే చెందిన ఒక మీటను నొక్కి అలాగే బిగించేస్తుంది. మామూలుగా ఆ మీట పడగానే మళ్ళీ లేస్తుంది. ఇప్పుడిక లేవదు. కణంలో ఉప్పును బయటికి వదిలే ద్వారాలు తెరుచుకుని తెరుచుకునే ఉంటాయి. క్లోరైడు బయటికి పోతుంది, దాని వెంట సోడియం, ఆ రెండిటి వెంట నీరు. తూము మనదే, దాన్ని ఎత్తిన నీరటీ మనవాడే. కలరా క్రిమి చేసిందల్లా అతని చేతిని తూము మీదే బిగించేయడం. క్రిమి గట్టు లోపలికి ఎక్కడా దూరలేదు కాబట్టి మంట లేదు, జ్వరం లేదు, నెత్తురు లేదు. కొత్త ఊరు వెళ్ళినవాళ్ళకూ పసిపిల్లలకూ వచ్చే నీళ్ళ విరేచనాల్లో చాలావాటికి కారణమైన ఒక రకం ఈ. కోలై కూడా దాదాపు ఇలాంటి విషాన్నే తయారుచేసుకుని ఇదే పని చేస్తుంది.

అడుగు నుంచి గండి

ఇప్పుడు రెండో మంచం దగ్గరికి వద్దాం. 1897లో జపాన్‌ను రక్త విరేచనాల ఉపద్రవం ముంచెత్తింది. దాదాపు 90 వేలమంది జబ్బుపడ్డారు, ఐదుగురిలో ఒకరికి పైగా చనిపోయారు. అప్పటికి వైద్యవిద్య పూర్తిచేసి ఎంతో కాలం కాని కియోషి షిగా అనే యువకుడు ఆ రోగుల మలంలోంచి కారకాన్ని పట్టుకున్నాడు. దానికి తర్వాత అతని పేరే పెట్టారు.

షిగెల్లా పెద్దపేగు పొర మీదికి చేరుతుంది. విచిత్రమేమిటంటే అది పై నుంచి ఆ కణాల్లోకి దూరలేదు. దూరడానికి కావలసిన పట్టు కణాల అడుగువైపు ఉంది. అడుగుకు చేరే దారిని మన శరీరమే ఇస్తుంది. పేగు పొరలో అక్కడక్కడ ఎం కణాలనేవి ఉంటాయి. లోపల ఏమేం తిరుగుతున్నాయో కొంచెం కొంచెం నమూనా తీసి, కింద పొంచి ఉన్న రక్షణ కణాలకు అందించడం వాటి ఉద్యోగం. షిగెల్లా ఆ నమూనాగా లోపలికి వెళుతుంది. కింద దాన్ని మింగిన భక్షక కణం అరిగించుకోవాలి. కానీ షిగెల్లా దాన్ని లోపలి నుంచి చంపేస్తుంది. చచ్చేటప్పుడు ఆ కణం ప్రమాద సంకేతాలు వెదజల్లుతుంది. ఈ కథను ముక్కముక్కగా కూర్చిన వారిలో ముఖ్యుడు పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఫిలిప్ సాన్సొనెట్టి.

అడుగుకు చేరిన షిగెల్లా అక్కడి నుంచి పైనున్న కణాల్లోకి ఎక్కుతుంది. ఎక్కాక బయటికి రాదు. ప్రతి కణంలోనూ ఆక్టిన్ అనే పోగులు ఉంటాయి. కణానికి ఆకారాన్నీ కదలికనూ ఇచ్చేవి అవే. షిగెల్లా తన ఒక కొసన ఆ పోగులను అల్లించుకుంటుంది. వెనక పోగు పెరుగుతూ నెడుతుంటే ముందుకు దూసుకెళ్ళి, పక్క కణం గోడను పొడుచుకుని అందులో పడుతుంది. లిస్టీరియా అనే మరో ఆహార బాక్టీరియాదీ ఇదే నడక. 1989లో లూయిస్ టిల్నీ, డేనియల్ పోర్ట్‌నాయ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలతో దీన్ని మెట్టుమెట్టుగా చూపించారు. కణం నుంచి కణానికి ఇలా వెళ్ళే క్రిమి బయటికి తేలదు కాబట్టి నెత్తురులో తిరిగే యాంటీబాడీలకు చిక్కదు.

మరి నెత్తురు? ప్రమాద సంకేతాలు అందుకున్న తెల్లకణాలు వేలకు వేలు పరుగెత్తుకొస్తాయి. క్రిమి దగ్గరికి చేరాలంటే కణాల మధ్య అతుకులను తోసుకుని వెళ్ళాలి. అలా వెళ్ళినప్పుడు పడ్డ సందుల్లోంచి ఇంకా షిగెల్లా కిందికి జారుతుంది. దాంతో ఇంకా తెల్లకణాలు వస్తాయి. ముందు బుంగ పడింది, ఇప్పుడు గండి పడింది. గట్టు ముక్కలు ముక్కలుగా కూలి, పుండ్లు పడి, వాటిలోంచి నెత్తురూ చీమూ జిగటా కారతాయి. గండి కొట్టడం మొదలుపెట్టింది క్రిమి. పెద్దది చేసింది దాన్ని ఆపబోయిన మన సైన్యమే. పిల్లలు దీంతో చనిపోవడం ఇప్పటికీ ఆగలేదు, అదీ సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలావరకు తప్పే జబ్బుతో.

సూదితో వచ్చే సాల్మొనెల్లా

సరిగా ఉడకని గుడ్డు, కోడిమాంసం, కాచని పాలు. వీటి వెంట వచ్చే సాల్మొనెల్లా కొత్త ఎత్తు వేస్తుంది. దీని ఒంటి మీద సన్నటి బోలు సూదులు ఉంటాయి. 1998లో హోర్హే గాలాన్ తన సహచరులతో కలిసి వాటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి లోకానికి చూపించాడు. సాల్మొనెల్లా పేగు కణాన్ని ఆనుకుని, ఆ సూది గుండా తన ప్రోటీన్లను సరాసరి కణం లోపలికి ఎక్కిస్తుంది. అవి వెళ్ళి కణపు ఆక్టిన్ పోగులను కలబెడతాయి. నిమిషాల్లో కణం ఉపరితలం ఉవ్వెత్తున లేచి, క్రిమిని చుట్టుముట్టి, లోపలికి లాగేసుకుంటుంది. పేగు కణానికి క్రిములను మింగే అలవాటు లేదు. దాని చేత బలవంతంగా మింగిస్తుంది సాల్మొనెల్లా. లోపలికి వెళ్ళాక తిత్తిలో కూర్చుని, రెండో రకం సూదులు వాడి ఆ తిత్తిని తనకు నివాసయోగ్యంగా మార్చుకుంటుంది.

పసిపిల్లల్లో విరేచనాలు కలిగించే మరో రకం ఈ. కోలై దీన్ని ఇంకా దూరం తీసుకెళ్ళింది. 1997లో కెనడాలో బ్రెట్ ఫిన్లే బృందం చూసినదాన్ని మొదట చాలామంది నమ్మలేకపోయారు. ఆ ఈ. కోలైకి అతుక్కోవడానికి పేగు కణం మీద పట్టు లేదు. అందుకని సూదితో కణం లోపలికి తన పట్టునే ఎక్కిస్తుంది. అది కణం పైకి తేలి నిలబడుతుంది, అప్పుడు క్రిమి వచ్చి దాన్ని పట్టుకుంటుంది. ఆ చోట తిండిని పీల్చుకునే సన్నటి వేళ్ళన్నీ నలిగి మాయమవుతాయి.

సాల్మొనెల్లా గురించి నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది మాత్రం 2010లో ఆండ్రియాస్ బాయ్‌మ్లర్ ప్రయోగశాల కాలిఫోర్నియాలో తేల్చిన విషయం. పేగులో మంట రేగితే క్రిమికి నష్టమని మనమనుకుంటాం. పేగులో మనతో ఉండే మంచి బాక్టీరియా కోట్లలో ఉంది, సాల్మొనెల్లా కొద్ది మాత్రమే. ఆ పోటీలో అది గెలవడం కష్టం. అయితే మంట రేగినప్పుడు తెల్లకణాలు క్రిములను చంపడానికి ఆక్సిజన్ నుంచి పుట్టిన ఘాటైన రసాయనాలు వదులుతాయి. అవి పేగులోని గంధకపు పదార్థంతో కలిసి టెట్రాథయోనేట్ అనేదాన్ని తయారుచేస్తాయి. సాల్మొనెల్లా ఆ టెట్రాథయోనేట్‌ను ఆక్సిజన్‌కు బదులు వాడుకుని శ్వాసించగలదు. చుట్టూ ఉన్న సహవాస బాక్టీరియాలో చాలావాటికి ఆ విద్య రాదు. మన ఆయుధమే శత్రువుకు ఊపిరి. సాల్మొనెల్లా మంటను కావాలని రేపుతుందనడానికి ఇంతకన్నా గట్టి కారణం ఉండదు.

దాని దాయాది టైఫాయిడ్ బాక్టీరియా ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అది మంట రేగనివ్వదు. 'వి' (Vi) అనే పేరుతో పిలిచే ఒక చక్కెర తొడుగు కప్పుకుని, రక్షణ కణాల కంట పడకుండా పొర దాటి, కాలేయం, ప్లీహం, ఎముక మజ్జల్లో స్థిరపడుతుంది. అందుకే టైఫాయిడ్‌లో మొదట కనిపించేది విరేచనం కాదు, దిగని జ్వరం. పేగులో రక్షణ కణాలు గుంపుగా ఉండే మచ్చలు మాత్రం లోలోపల పుండు పడుతుంటాయి. చికిత్స అందకపోతే మూడో వారానికి అక్కడ పేగుకు నిజంగానే రంధ్రం పడవచ్చు. ఆ తొడుగునే గురిగా చేసుకుని హైదరాబాదులో భారత్ బయోటెక్ కాంజుగేట్ టీకా తయారుచేసింది. ఆ కోవకు చెందిన టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత మొదట పొందింది అదే. ఆరు నెలల పసివాళ్ళకూ వేయవచ్చు.

పేగు దాటిన విషం

2011 మే నెలలో జర్మనీలో రక్త విరేచనాలు చెలరేగాయి. మొదట దోసకాయలను అనుమానించారు. తర్వాత తేలిందేమిటంటే కారణం మొలకలు, ఈజిప్టు నుంచి వచ్చిన మెంతుల మొలకలు. దాదాపు నాలుగు వేలమంది జబ్బుపడ్డారు, 800 మందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, 50 మందికి పైగా చనిపోయారు. కారకం ఒక ఈ. కోలై. అది షిగా పేరే పెట్టిన ఒక విషాన్ని, అంటే షిగా విషాన్ని, తయారుచేయగలదు. ఆ విషం చేసే శక్తి, బాక్టీరియాను పట్టే వైరస్‌ల మీద ఎక్కి ఒక జాతి నుంచి మరో జాతికి పోగలదు. 1982లో అమెరికాలో సరిగా కాలని బర్గర్లతో మొదటిసారి పట్టుబడిన ఓ157 రకానికీ ఈ విషం అలాగే అబ్బింది.

షిగా విషం కణంలో ప్రోటీన్లు తయారయ్యే యంత్రాన్ని కత్తిరించేస్తుంది. ప్రోటీన్ లేని కణం చచ్చిపోతుంది. విషం పట్టుకునే అణువు మూత్రపిండాల సన్నటి రక్తనాళాల్లో ఎక్కువ. అందుకే విరేచనాలు తగ్గుముఖం పట్టాయనుకునే వేళ పిల్లవాడికి మూత్రం ఆగిపోతుంది. ఈ రకం జబ్బులో కొన్ని యాంటీబయాటిక్‌లు క్రిమిని పగలగొట్టి ఇంకా విషం విడుదలయ్యేలా చేయవచ్చు. నెత్తురు పడుతుంటే మందుల షాపులో అడిగి మాత్ర తెచ్చుకోకూడదనేది ఇందుకే. పేగు కదలికను ఆపే మాత్రలైతే క్రిమినీ విషాన్నీ లోపలే నిలవ ఉంచుతాయి.

ఎక్కే దారి

తూము ఎత్తిన చెరువును ఎలా కాపాడాలి? కలరా విషం దిగే దారిని తెరిచి బిగించిందే గానీ, ఎక్కే దారుల్లో ఒకదాన్ని ముట్టుకోలేదు. పేగు కణం మీద సోడియాన్నీ గ్లూకోజునూ కలిపి లోపలికి తీసుకునే వాహకం ఉంది. రెండూ కలిసి వస్తేనే అది తీసుకుంటుంది. 1960లో రాబర్ట్ క్రేన్ దీన్ని వివరించాడు. అవి లోపలికి వెళితే వాటి వెంట నీరూ వెళుతుంది. ఉత్త నీళ్ళు తాగితే నిలవని రోగికి ఉప్పూ చక్కెరా సరైన పాళ్ళలో కలిపిన నీళ్ళు నిలుస్తాయి.

1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన బన్‌గావ్‌లో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, సోడా పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి.

పాళ్ళు తప్పితే మాత్రం ఇదే నీరు ఎదురు తిరుగుతుంది. చక్కెర ఎక్కువైతే అది పేగులో మిగిలిపోయి ఒంటి నీటినే బయటికి లాగుతుంది. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న పాళ్ళ ప్రకారం ఒక లీటరుకు 20.5 గ్రాముల పొడి, అందులో గ్లూకోజు 13.5 గ్రాములు. అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలు ఓఆర్‌ఎస్ అనే పేరుతో అట్టపెట్టెల్లో అమ్ముడుపోయేవి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. పొట్లం కొనేముందు దాని మీద గ్రాములు చదవండి.

గండి పడ్డ రోగికీ ఈ నీళ్ళు కావాలి. కానీ అవే సరిపోవు. షిగెల్లాకు వైద్యుడు ఎంచిన యాంటీబయాటిక్ కావాలి, గట్టు మళ్ళీ లేవడానికి వ్యవధి కావాలి. మూడు నుంచి ఐదు రోజుల్లో కొత్త కణాలు వచ్చేస్తాయన్నాం గదా, బాగా తినే పిల్లవాడిలో అది నిజం. మురుగు పక్కన పెరుగుతూ, ఒక జబ్బు మానేలోగా ఇంకొకటి తగులుకునే పిల్లవాడిలో పొర మీద తిండిని పీల్చుకునే వేళ్ళలాంటి చూషకాలు పొట్టివై చదునైపోతాయి. తిన్నది పట్టదు, ఎత్తు పెరగడు, నోటి ద్వారా వేసే టీకాలు కూడా అంతగా పనిచేయవు. అందుకే విరేచనాల పిల్లలకు తిండి మాన్పించవద్దని, తల్లిపాలు ఆపవద్దని వైద్యులు పట్టుబడతారు. ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు ఇవ్వమంటారు: ఆరు నెలల లోపు పిల్లలకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆ పై పిల్లలకు 20, మొత్తం 14 రోజులు. విరేచనాలు మూడో రోజున ఆగినా మిగతా రోజుల మోతాదు మానకూడదు. అప్పటికి పొర ఇంకా కట్టుకుంటూనే ఉంటుంది.